పన్ను నొప్పి కాదది, నరం నొప్పి



కొంచెం పెద్ద పోస్టే. సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి కదా, తీరిగ్గా చదవండి. ఇది నోటిఫికేషన్ గురించి కాదు, స్కాలర్‌షిప్ గురించి కాదు. ఒక జబ్బు గురించి. దాని పేరు ట్రైజెమినల్ న్యూరాల్జియా. ఆ పేరు తడబడకుండా పలకడానికి మాకే వారం పట్టింది. ముఖంలో ఒక పక్క కరెంటు షాక్ కొట్టినట్టు వచ్చే నరం నొప్పి అది. మన ఊళ్లలో దీన్ని ముందు పన్ను నొప్పి అంటారు. పన్ను తీసినా తగ్గకపోతే పార్శ్వపు నొప్పి అంటారు. అదీ కాదంటే మూడో పేరు ఒకటి పెడతారు. ఆ మూడో పేరే ప్రమాదం. అందుకే రాస్తున్నాం.

మేము అంటే అన్నాచెల్లెళ్లిద్దరం. పాడేరు ఏజెన్సీలో ఒక కొండ మీద ఊరు మాది. ఇంట్లో మాట్లాడేది కువి. ఇప్పుడు ఇద్దరం వేరు వేరు హాస్టళ్లలో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇంటి నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. అమ్మ చిన్నప్పుడే పోయింది. అమ్మకి అక్క, మా పెద్దమ్మ, మమ్మల్ని పెంచింది. అడ్డాకులు కుట్టి, చింతపండు కొట్టి, పసుపు తవ్వి సంతలో అమ్మిన డబ్బుతో మా పెట్టెలూ దుప్పట్లూ కొన్నది ఆమే. జబ్బు వచ్చింది ఆమెకే.

మేం ఇంటర్‌లో ఉండగా మొదలైంది. చలికాలం పొద్దున్నే గెడ్డకి వెళ్లి ముఖం కడుక్కుంటుంటే కుడి చెంపలో ఏదో పొడిచినట్టయిందట. కొన్ని క్షణాలే. మళ్లీ ఏమీ లేదు. తర్వాత అన్నం నములుతుంటే వచ్చింది. మాట్లాడుతుంటే వచ్చింది. జీపులో కూర్చుంటే గాలి తగిలి వచ్చింది. వచ్చినప్పుడు ఆమె అరిచేది కాదు, ఏడ్చేది కూడా కాదు. మాట మధ్యలో రాయిలా ఆగిపోయేది. చెయ్యి చెంప దాకా లేచేది కానీ చెంపను ముట్టుకునేది కాదు. అర నిమిషం తర్వాత ఊపిరి వదిలి, ఆపిన చోటు నుంచే మాట అందుకునేది. చూసేవాళ్లకి ఇది జబ్బులా కనబడదు. జ్వరం లేదు, వాపు లేదు, రక్తం లేదు. "నటిస్తంది" అన్నవాళ్లూ ఉన్నారు.

ఆరు నెలలు తిరిగేసరికి రోజుకి ఇరవై, ముప్పై సార్లు వచ్చేది. నమలాలంటే భయం. అన్నం మానేసి చోడి అంబలి తాగేది, అదీ ఎడమ పక్క నుంచి కొంచెం కొంచెం. చుట్ట మానేసింది. ముఖం కడుక్కోవడం మానేసింది. సంతకి వెళ్లడం మానేసింది. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడల్లా చీర ఇంకో చుట్టు ఎక్కువ తిరిగేది. అంత చిక్కిపోయింది.

మందుల సంగతి చెప్తాం. ముందు ఊళ్లకి తిరిగే ఆర్‌ఎంపీ నొప్పి మాత్రలిచ్చాడు. పని చేయలేదు. ఇంజెక్షన్ చేశాడు. పని చేయలేదు. కింద టౌన్లో ఒక పళ్ల క్లినిక్‌కి తీసుకెళ్లారు. కుడి పక్క కింది దవడలో ఒక పన్ను నిజంగానే పుచ్చి ఉంది. తీశారు. ఆశ్చర్యం ఏంటంటే, రెండు నెలలు నొప్పి రాలేదు! ఇంట్లో పండగ. తర్వాత మళ్లీ మొదలైంది. "పక్క పన్ను కూడా పాడైంది" అని అదీ తీశారు. ఇంకో మూడు వారాలు బాగుంది. మళ్లీ వచ్చింది. మూడో పన్ను తీశారు. ఈసారి ఒక్క రోజు కూడా తగ్గలేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ జబ్బుకి, ముఖ్యంగా మొదట్లో, తనంతట తాను కొన్నాళ్లు ఆగే గుణం ఉంది. వారాలు ఆగొచ్చు, నెలలు ఆగొచ్చు. ఏ మందూ లేకుండానే ఆగుతుంది, మళ్లీ వస్తుంది. అందువల్ల ఆగే ముందు మనం ఏం చేస్తే దానివల్లే తగ్గిందని అనుకుంటాం. పన్ను తీస్తే పన్నే కారణం అనుకుంటాం. తాయెత్తు కడితే తాయెత్తే అనుకుంటాం. కోడిని కోస్తే కోడే అనుకుంటాం. మా ఇంట్లో మూడూ జరిగాయి. మూడింటికీ ఒక్కోసారి తగ్గింది, మూడింటి తర్వాతా మళ్లీ వచ్చింది. పెద్దమ్మని గానీ ఊరివాళ్లని గానీ అమాయకులనుకోవద్దు. చదువుకున్నవాళ్లు కూడా ఇలాగే లెక్కేస్తారు. పళ్ల క్లినిక్ వాళ్ల లెక్క కూడా అదే కదా!

తగ్గినప్పుడు వేసే లెక్క ఇది. మళ్లీ వచ్చినప్పుడు వేసే లెక్క వేరే ఉంది. మళ్లీ వచ్చిందంటే ఎవరో తెప్పించారని. ఆ మూడో పేరు అదే, చిల్లంగి.

మా ఊరి చివర ఒక ముసలామె ఒంటరిగా ఉంటుంది. భర్త లేడు, పిల్లలు లేరు. రెండోసారి నొప్పి మొదలైన రోజుకి ముందు రోజు ఆమె మా ఇంటికి వచ్చి ఉప్పు అడిగిందట. అంతే. ఎవరో ఆ రెండూ కలిపారు. ఆమె ఎదురొస్తే ఆడవాళ్లు దారి తప్పుకోవడం మొదలెట్టారు. ఆమె బావి దగ్గరికి వస్తే పిల్లల్ని లాక్కెళ్లిపోయేవారు. మా దగ్గరి చుట్టాల్లోనే ఇద్దరు మగవాళ్లు తాగి "తేల్చేద్దాం" అన్నారని తెలిసింది. చిల్లంగి పేరు మీద ఏజెన్సీలో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు మనమందరం చదివినవే. పేపర్లో చదవడం వేరు, మన ఇంటి నొప్పి వల్ల ఇంకో ఇంటి మీదికి కర్రలు లేస్తాయేమో అని హాస్టల్లో నిద్ర పట్టకపోవడం వేరు.

గురువు గురించి కూడా నిజం చెప్పాలి. పెద్దమ్మని గురువు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఏ పక్క వస్తుంది, ఏ వేళకి వస్తుంది, ఏం చేస్తే వస్తుంది అని చాలాసేపు అడిగాడట, కువిలోనే. అప్పటిదాకా ఎవరూ అన్ని ప్రశ్నలు వేయలేదు. మందు ఆయన దగ్గర లేదు. కానీ అడగాల్సిన ప్రశ్నలు ఆయన దగ్గరున్నాయి.

దారి మళ్లించింది కూడా ఒక పళ్ల డాక్టరమ్మే. నాలుగో పన్ను తీయించాలని పెద్దమ్మ తనే పట్టుబడితే ఈసారి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. ఆ మేడమ్ పన్ను తట్టి చూసింది, ఎక్స్‌రే చూసింది. "ఈ పన్ను బాగుంది, నేను తీయను. ఇది పంటిది కాదు, నరానిది అనిపిస్తంది. విశాఖపట్నం వెళ్లి నరాల డాక్టర్‌కి చూపించండి" అని చీటీ రాసింది. తీయను అన్న ఆ ఒక్క మాటకి మేం ఎప్పటికీ రుణపడి ఉంటాం.

ఇద్దరం కాలేజీకి సెలవు పెట్టి తీసుకెళ్లాం. ఓపీలో చిన్న డాక్టర్ "ఏమైందమ్మా?" అని అడిగాడు. పెద్దమ్మ వెంటనే "పళ్లు నొప్పండి బాబూ" అంది. ఆమెకి వచ్చిన తెలుగులో దానికి ఉన్న మాట అదొక్కటే. రెండేళ్లుగా ప్రతి చోటా ఆ రెండు మాటలే చెప్పింది. విన్న ప్రతివాళ్లూ నోరు తెరవమన్నారు. డాక్టర్ చెయ్యి కూడా టార్చి మీదికి వెళ్లబోయింది. మేం ఆపి అన్నాం: "సార్, ఆమెకి తెలుగు సరిగా రాదు. మా భాషలో అడిగి చెప్తాం."

కువిలో అడిగాం. పెద్దమ్మ అప్పుడు చెప్పింది. తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "చెంప లోపల మెరుపు పడతంది. పడి ఆరిపోతంది. ఆరాక ఏమీ లేనట్టే ఉంటది. మళ్లీ ఎప్పుడు పడతదో తెలీదు. గాలి ముట్టుకుంటే పడతంది. నీళ్లు ముట్టుకుంటే పడతంది. గట్టిగా నొక్కితే పడదు, మెత్తగా తాకితే పడతంది."

డాక్టర్ టార్చి పక్కన పెట్టేశాడు. పెద్ద డాక్టర్‌ని పిలుచుకొచ్చాడు. ఆమె వేసిన ప్రశ్నలు ఇవి. ఒక్కసారి వస్తే ఎంతసేపు ఉంటుంది? క్షణాలు, మహా అయితే ఒకటి రెండు నిమిషాలు. ఒక పక్కేనా, రెండు పక్కలా? కుడి పక్కే. రాత్రి నిద్రలో లేపుతుందా? లేపదు. ఏం చేస్తే వస్తుంది? నమిలితే, మాట్లాడితే, ముఖం కడిగితే. మధ్యలో పూర్తిగా బాగుంటుందా? బాగుంటుంది. తర్వాత దూదితో ముఖం రెండు పక్కలా తాకి స్పర్శ చూసింది. స్పర్శ బాగానే ఉంది. "ఇది ట్రైజెమినల్ న్యూరాల్జియా" అంది. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. రెండేళ్లు, మూడు పళ్లు, ఇరవై నిమిషాలు!

మేం అడిగాం, స్కాన్ తీయకుండా ఎలా తెలిసింది మేడమ్ అని. ఈ జబ్బు ముందు తెలిసేది రోగి మాటల వల్లేనని, స్కాన్ తర్వాతనీ చెప్పింది. పంటి నొప్పి సలుపుతుంది, గంటల తరబడి ఉంటుంది, రాత్రి నిద్ర లేపుతుంది, వేడికీ చల్లకీ పెరుగుతుంది. ఇది అలా కాదు. మెరుపులా వచ్చిపోతుంది. ఎంఆర్‌ఐ తీసేది వేరే కారణం ఏమైనా ఉందేమో చూడడానికి. గడ్డ ఏదైనా నరాన్ని నొక్కుతోందా, మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి జబ్బు ఉందా, రక్తనాళం ఆనుకుని ఉందా అని. చిన్న వయసులో వచ్చినా, రెండు పక్కలా వచ్చినా, ముఖం మొద్దుబారినా ఆ అనుమానం ఎక్కువట. మామూలుగా ఇది యాభై దాటినవాళ్లలో, ఆడవాళ్లలో ఎక్కువ కనిపిస్తుంది.

అసలు లోపల జరిగేది ఏంటంటే, ముఖానికి స్పర్శ తెలియజేసే పెద్ద నరం ఒకటి ఒక్కో పక్క ఉంటుంది. మెదడు నుంచి వచ్చే పన్నెండు జతల నరాల్లో ఇది ఐదోది. మూడు కొమ్మలుగా చీలుతుంది. ఒకటి నుదుటికి, ఒకటి చెంపకి, ఒకటి కింది దవడకి. చాలామందిలో, మెదడు దగ్గర ఈ నరం మొదలయ్యే చోట ఒక రక్తనాళం దాన్ని ఆనుకుని కొట్టుకుంటూ ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ రాపిడికి నరం మీద ఉన్న పొర అరిగిపోతుంది. మన ఊళ్లో కరెంటు తీగ మీద రబ్బరు ఊడితే ఏమవుతుంది? పక్క తీగకి తగిలి మెరుస్తుంది. ఇక్కడా అంతే. గాలి తగిలిందన్న చిన్న కబురు, నొప్పి కబురు మోసే తీగలోకి దూకుతుంది. తప్పు పంటిలో లేదు, చెంపలో లేదు. తీగలో ఉంది. అందుకే ఎన్ని పళ్లు పీకినా లాభం లేదు.

మందు పేరు కార్బమాజెపైన్. ఈ నొప్పికి ఇది పని చేస్తుందని 1962లోనే బ్లోమ్ అనే స్వీడన్ డాక్టర్ లాన్సెట్ పత్రికలో రాశాడు. అంటే మా పెద్దమ్మ పుట్టకముందే మందు ఉంది. ఇది మన దేశపు అత్యవసర మందుల జాబితాలో కూడా ఉంది. కొత్తదీ కాదు, విదేశాల నుంచి తెప్పించాల్సిందీ కాదు. ఆమెకి 100 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మొదలుపెట్టి, తర్వాత మెల్లగా పెంచారు. నాలుగో రోజుకి షాక్‌లు సగానికి సగం తగ్గాయి. రెండో వారంలో అన్నం నమిలింది. కుడి పక్కన పళ్లు లేవు కదా, ఎడమ పక్కే నమిలింది.

కానీ అంత సులువుగా సాగలేదు. మొదటి రోజే మందుల షాపులో కుర్రాడు "ఇది ఫిట్స్ మాత్ర కదా, ఈవిడకి ఫిట్సా?" అన్నాడు. పెద్దమ్మ విని మాత్ర వేసుకోనంది. ఊళ్లో తెలిస్తే మూర్ఛ అంటారని భయం. డాక్టర్ దగ్గరికే వెనక్కి తీసుకెళ్లి ఆమె చేతే చెప్పించాం. ఫిట్స్‌లో మెదడులో కరెంటు అదుపు తప్పుతుంది, ఇక్కడ నరంలో తప్పుతుంది, ఈ మాత్ర రెండు చోట్లా ఆ కరెంటుని నెమ్మది చేస్తుంది అని. మామూలు నొప్పి మాత్రలు ఆ పని చేయలేవు. అందుకే ఆర్‌ఎంపీ మాత్రలు పని చేయలేదు.

ఈ మందుతో జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఎవరూ ఈ పోస్టు చూసి షాపులో కొనుక్కుని వేసుకోవద్దు. మొదట్లో మత్తుగా, తూలినట్టుగా ఉంటుంది. కాబట్టి చెట్టు ఎక్కడం, ఏటవాలు పోడులో ఒంటరిగా పని చేయడం కొన్నాళ్లు ఆపాలి. ఒంటి మీద దద్దుర్లు గానీ, నోట్లో పుళ్లు గానీ వస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. కొద్దిమందికి చర్మం ఊడిపోయే ప్రమాదకరమైన ఎలర్జీ వస్తుంది. ఆసియా వాళ్లలో కొందరికి ఉండే ఒక జన్యువు వల్ల ఆ ముప్పు ఎక్కువ, దానికి రక్త పరీక్ష ఉంది. రక్త కణాలు, సోడియం, లివర్ పరీక్షలు మధ్య మధ్యలో చేయించాలి. టీబీ మందులు వాడేవాళ్లు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ఎందుకంటే ఈ మందుకీ వాటికీ పడదు. అన్నిటికన్నా ముఖ్యం, తగ్గింది కదా అని మనంతట మనం ఒక్కసారిగా ఆపేయకూడదు.

మందు పడకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. ఆక్స్‌కార్బజెపైన్ లాంటి వేరే మందులున్నాయి. మందులతో లొంగకపోతే రక్తనాళానికీ నరానికీ మధ్య మెత్తటి ముక్క పెట్టే ఆపరేషన్ ఉంది. పుర్రె తెరవకుండా సూదితో నరాన్ని వేడి చేసే పద్ధతి కూడా ఉంది. మా పెద్దమ్మకి ఇప్పటిదాకా మాత్రలతోనే సరిపోతోంది. పూర్తిగా నయమైందని చెప్పం. చలికాలంలో ఒకటి రెండు సార్లు మెరుపు పడుతూనే ఉంటుంది. వానాకాలంలో గెడ్డ పొంగి దారి మూసుకుపోతుంది కాబట్టి రెండు నెలల మాత్రలు ముందే తెచ్చి ఇంట్లో పెడుతున్నాం.

ఊళ్లో ఏమైందో చెప్పాలి. మందు పని చేసిన నెలకి పెద్దమ్మే మమ్మల్ని అడిగింది, డాక్టర్ చెప్పింది అందరి ముందూ చెప్పమని. రచ్చబండ దగ్గర ఒక వైరు ముక్క పట్టుకుని, రబ్బరు ఊడిన చోటు చూపించి, కువిలో చెప్పాం. కొందరు నమ్మారు, కొందరు తల ఊపి వెళ్లిపోయారు. అందరికన్నా బాగా చెప్పింది పెద్దమ్మే. మాట కాదు, పని. ఆ ముసలామె ఇంటికి వెళ్లి, వాకిట్లో కూర్చుని, ఆమె చేతి అంబలి అందరూ చూస్తుండగా తాగింది. ఆ తర్వాత దారి తప్పుకోవడం తగ్గింది. "తేల్చేద్దాం" అన్న ఇద్దరూ మాత్రం ఇప్పటికీ ఆ ఊసు ఎత్తరు, మేమూ ఎత్తడం లేదు.

ఇప్పుడు మన సంగతి. ఆశ్రమ పాఠశాలలో కువి మాట్లాడితే నవ్వేవాళ్లు. తెలుగు నేర్చుకోండి, ఇంగ్లీషు నేర్చుకోండి, ఈ భాష దేనికి పనికొస్తుంది అనేవాళ్లు. తెలుగు నేర్చుకోవడం మంచిదే. అది రాకపోతే ఆ రోజు డాక్టర్‌తో మాట్లాడగలిగేవాళ్లం కాదు. కానీ కువి మర్చిపోయి ఉంటే డాక్టర్‌కి చెప్పడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఏ స్కాన్ కన్నా ముందు ఆ జబ్బును పట్టుకున్నది పెద్దమ్మ సొంత మాటలు. మన గ్రూపులో కువి, కోయ, సవర, ఆదివాసీ ఒరియా, కొలామి, గోండి మాట్లాడేవాళ్లున్నారు. మీ ఊరి పెద్దవాళ్లతో ఆసుపత్రికి వెళ్లేది ఎక్కువగా మీరే. అక్కడ "కడుపు నొప్పి", "కాలు నొప్పి" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. వాళ్ల భాషలో అడగండి. ఎక్కడ, ఏ పక్క, ఎలా ఉంటుంది, ఎంతసేపు, ఏం చేస్తే వస్తుంది, నిద్రలో వస్తుందా, మధ్యలో బాగుంటుందా. వాళ్లు చెప్పింది తగ్గించకుండా, మనకి తోచింది కలపకుండా డాక్టర్‌కి చెప్పండి. వీలైతే బయల్దేరే ముందే కాగితం మీద రాసుకోండి.

నరం నొప్పులు ఇదొక్కటే కాదు. షుగరు ఉన్నవాళ్లకి అరికాళ్లలో మంట, మొద్దు. ఒంటికి ఒక పక్క పట్టీలా పొక్కులు వచ్చి మానిన చోట నెలల తరబడి మిగిలే మంట. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్ వల్ల వచ్చే తిమ్మిర్లు, వాటికి విటమిన్ బీ6 ఇస్తారు. స్పర్శ లేని మచ్చతో పాటు నరం లావెక్కి నొప్పి ఉంటే కుష్టు కావచ్చు, దానికి మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, ఆలస్యం చేస్తేనే వేళ్లు వంకర పోతాయి. వీటిలో చాలావాటికి పైకి పెద్దగా ఏమీ కనిపించదు. కనిపించని నొప్పి ఉన్న చోటే నటన అంటారు, చిల్లంగి అంటారు.

మీ ఊళ్లో ఎవరైనా ముఖం కడుక్కోవడానికి భయపడుతున్నా, పళ్లు తీయించుకున్నా నొప్పి తగ్గలేదంటున్నా, మాట మధ్యలో రాయిలా ఆగిపోతున్నా, ఆశా అక్కకి చెప్పండి, పీహెచ్‌సీలో చెప్పి నరాల డాక్టర్‌కి చీటీ రాయించండి. విశాఖ వెళ్లేవాళ్లు కేజీహెచ్‌లో గిరిజన రోగుల కోసం ఉన్న ఎస్టీ సెల్‌ని ముందు కలవండి. భాష సాయం కావాలంటే, కువి అయితే, మాకు మెసేజ్ పెట్టండి. క్లాసు ఉన్నా ఫోన్‌లో మాట్లాడి చెప్తాం.

జై ఆదివాసీ.